పిచ్చి వేషం, అసలు పిచ్చి: విషాద నాటకంలో ఎవరిమీద నిఘా, ఎవరిమీద జాలి?

క్లుప్తంగా

హామ్లెట్, కింగ్ లియర్ వంటి విషాద నాటకాల్లో పిచ్చి నటించే పాత్ర పక్కనే నిజంగా మతి చెదిరిన పాత్ర కూడా ఉంటుంది. పాత కథల్లో పిచ్చి వేషం ప్రాణాలు కాపాడే ఉపాయం. షేక్స్‌పియర్ హామ్లెట్ కథను చేపట్టేసరికి ఆ ఉపాయమే రాజుకు అనుమానం పుట్టించింది, ఆ గొడవలో ఇంకొకరి మతి పోయింది. పిచ్చి నటించినవాడి చుట్టూ కాపలా పెరుగుతుంది, నిజంగా మతి పోయినవాళ్ల మీద జాలి చూపించి వదిలేస్తారు. ఈ తేడాను నాటకకర్తలు ఎలా చూపించారు, గ్రీకు, సంస్కృత, తెలుగు నాటకాలు ఉన్మాదాన్ని ఎలా వాడుకున్నాయి అన్నది ఇక్కడ పరిశీలిద్దాం.

ఇంగ్లిష్ సాహిత్యం చదివే విద్యార్థులకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: హామ్లెట్ పిచ్చి నిజమా, నటనా? రెండు వైపులా నాలుగేసి పాయింట్లు రాసి, ‘కొంత నిజం, కొంత నటన’ అని ముగించడం మామూలు. ఆ జవాబుకు మార్కులు రావచ్చు గానీ నాటకం గురించి అది చెప్పేది తక్కువ. హామ్లెట్‌ని పరీక్షించిన డాక్టరు లేడు, అతని మాటలు తప్ప మన చేతిలో వేరే రిపోర్టు లేదు. నాటకం నుంచి రాబట్టగలిగిన విషయాలు వేరే ఉన్నాయి. వేషం వేసినవాడికి దాని వల్ల ఏం దక్కింది? చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారు? అదే ఇంట్లో నిజంగా మతి పోయిన మనిషిని ఎవరు ఎలా చూశారు? ఈ మూడింటికీ నాటకంలో స్పష్టమైన జవాబులున్నాయి.

పాత కథలో వేషానికి పని ఉంది

హామ్లెట్ కథ షేక్స్‌పియర్ సొంతంగా అల్లింది కాదు. డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో గ్రమాటికస్ సుమారు 1200 ప్రాంతంలో లాటిన్‌లో రాసిన గ్రంథంలో ఆమ్లెత్ అనే రాకుమారుడి కథ ఉంది. ఫ్రెంచి రచయిత బెల్‌ఫరె 1570లో దాన్ని తన భాషలో తిరిగి చెప్పాడు. సాక్సో కథలో పినతండ్రి ఫెంగ్ చేసిన హత్య రహస్యం కాదు. సోదరుణ్ని చంపానని ఒప్పుకుని, వదినను ఆమె భర్త పెట్టే బాధల నుంచి కాపాడటానికే చంపానని సమర్థించుకుంటాడు. చనిపోయిన రాజు కొడుకు పెద్దవాడైతే పగ తీర్చుకుంటాడని అందరికీ తెలుసు. కాబట్టి ఆ కుర్రవాడు బతకాలంటే పనికిరానివాడిలా కనిపించాలి.

ఆమ్లెత్ ఒళ్లంతా మురికి పూసుకుని పొయ్యి దగ్గర కూర్చుంటాడు. కట్టెలతో కొక్కేలు చెక్కి, వాటి కొనలు నిప్పులో కాల్చి గట్టిపరుస్తుంటాడు. ఇవెందుకని అడిగితే, నాన్న చావుకు పగ తీర్చుకోవడానికి వాడి ఈటెలు చేస్తున్నానంటాడు. విన్నవాళ్లు నవ్వుకుంటారు. అతను అబద్ధం ఆడలేదు, నిజాన్నే పిచ్చి మాటలా వినిపించాడు. చివర్లో తాగి పడిపోయిన సభికుల మీదకు గోడ తెరలు లాగి, ఆ కొక్కేలతోనే బిగించి, భవనానికి నిప్పు పెడతాడు. కథ మొదట్లో చెక్కిన కొక్కెం కథ చివర పనిచేసింది. వేషానికి కారణం, గడువు, ఫలితం అన్నీ ఉన్నాయి.

రోమన్ల కథల్లో లూషియస్ జూనియస్ బ్రూటస్ దుష్టుడైన రాజు కంట పడకుండా మందబుద్ధి నటించాడు. గ్రీకుల కథల్లో ట్రాయ్ యుద్ధానికి వెళ్లడం ఇష్టంలేక ఒడిస్సియస్ పిచ్చివాడిలా నటించి, జత కుదరని రెండు పశువులను నాగలికి కట్టి పొలంలో ఉప్పు చల్లాడు. పాలమీడిస్ అనే తెలివైనవాడు ఒడిస్సియస్ పసికందును తెచ్చి నాగలి ముందు పెట్టాడు. ఒడిస్సియస్ నాగలిని పక్కకు తిప్పాడు, గుట్టు బయటపడింది. పిచ్చి నటనను పట్టుకునే పరీక్షల్లో ఇంత సూటిగా ఉన్నది మరొకటి దొరకడం కష్టం. నటించేవాడికి కాపాడుకోవలసింది ఒకటి ఎప్పుడూ ఉంటుంది, దాన్ని ఎదురుగా పెడితే చాలు. గ్రీకు నాటకకర్త సోఫొక్లిస్ ఈ కథ మీద ఒక నాటకం రాశాడు గానీ అది మనకు మిగల్లేదు.

హత్య రహస్యమయ్యాక మారిన లెక్క

షేక్స్‌పియర్ సుమారు 1600లో రాసిన నాటకంలో హత్య రహస్యం. తోటలో పడుకున్న రాజు పాము కాటుతో చనిపోయాడని దేశమంతా నమ్ముతోంది. అసలు సంగతి చంపిన పినతండ్రి, ఇప్పటి రాజు క్లాడియస్‌కు తెలుసు, దెయ్యం చెబితే హామ్లెట్‌కు తెలిసింది. అంటే హామ్లెట్ వల్ల తనకు ప్రమాదం ఉందని క్లాడియస్ అనుకోవడానికి మొదట కారణమే లేదు. హామ్లెట్ మామూలుగా ఉండి ఉంటే అతని మీద ఎవరి కన్నూ పడేది కాదు. దెయ్యాన్ని చూసిన రాత్రే అతను స్నేహితుడు హొరేషియోతో, ఇకముందు నేను వింతగా ప్రవర్తించవచ్చు, మీకు ఏమైనా తెలిసినట్టు తల ఊపవద్దు అని ఒట్టు వేయిస్తాడు. ఎందుకలా అనేది మాత్రం చెప్పడు.

1765లో షేక్స్‌పియర్ నాటకాలకు సంపాదకత్వం వహించిన శామ్యూల్ జాన్సన్ ఈ లోపాన్ని మొహమాటం లేకుండా ఎత్తిచూపాడు. హామ్లెట్ పిచ్చి నటించడానికి తగిన కారణం కనిపించదని, మతి ఉన్నవాడిగా చేయలేని పని ఒక్కటీ ఆ వేషంలో చేయలేదని ఆయన అభిప్రాయం. కథనం దృష్టితో చూస్తే ఆయన మాట కాదనడం కష్టం. ఆమ్లెత్‌ను కాపాడిన వేషమే హామ్లెట్‌ను బయటపెట్టింది.

అయితే ఈ మార్పు వల్ల నాటకానికి కొత్త ఇంధనం దొరికింది. ఆమ్లెత్ పిచ్చిని చూసి సభ నవ్వింది. హామ్లెట్ పిచ్చి మొత్తం రాజభవనాన్ని ఒక ఆరా తీసే ఆఫీసుగా మార్చేసింది. రాజు అతని చిన్ననాటి స్నేహితులు రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్‌లను పిలిపించి కారణం కనుక్కోమంటాడు. మంత్రి పొలోనియస్ తన కూతురు ఒఫీలియా మీద ప్రేమే కారణమని తేల్చేస్తాడు. దుఃఖం, తిండి మానడం, నిద్ర లేకపోవడం, నీరసం, చివరకు ఉన్మాదం అంటూ అంచెలంచెలుగా జబ్బు ముదిరిన తీరు రాజుకు వివరిస్తాడు. తల్లి గెర్ట్రూడ్ మాత్రం భర్త చావు, ఆ వెంటనే క్లాడియస్‌తో జరిగిన తమ తొందరపాటు పెళ్లి కారణమై ఉంటాయంటుంది, అందరికంటే నిజానికి దగ్గరగా వచ్చింది ఆమే. ఆ తర్వాత ఒఫీలియాను ఎరగా పెట్టి రాజు, మంత్రి చాటు నుంచి వింటారు. విన్నాక క్లాడియస్ అన్న రెండు మాటలు కీలకం. ఇతని మాటలు కాస్త పొంతన లేకుండా ఉన్నా పిచ్చి మాటల్లా లేవు అన్నది మొదటిది. పెద్దవాళ్ల పిచ్చిని కాపలా లేకుండా వదలకూడదు అన్నది రెండోది. పిచ్చి కాదని తెలిసినవాడే పిచ్చి పేరుతో కాపలా పెడుతున్నాడు. హామ్లెట్‌ను ఇంగ్లండుకు పంపి అక్కడ చంపించే పథకం ఇక్కడే మొలకెత్తింది.

నటన అని మనకెలా తెలుస్తుంది?

నాటకకర్త చేతిలో కొన్ని పనిముట్లున్నాయి. మొదటిది స్వగతం. ఒంటరిగా ఉన్నప్పుడు హామ్లెట్ తన ఆలోచనలన్నీ మనకు చెబుతాడు, అందులో తడబాటు ఉండదు. రెండోది ఛందస్సు. స్వగతాలు పద్యంలో నడుస్తాయి, పొలోనియస్‌ను, పాత స్నేహితులను ఆటపట్టించేటప్పుడు వచనంలోకి దిగుతాడు. పద్యం వినడానికి అలవాటుపడిన అప్పటి ప్రేక్షకుడి చెవికి ఈ మార్పు వెంటనే తెలుస్తుంది. మూడోది ఎదుటి మనిషిని బట్టి మారడం. హొరేషియోతో మాట్లాడేటప్పుడు ఈ పిచ్చి ఎక్కడా కనిపించదు. నాలుగోది, పిచ్చి మాటల్లో దాగిన గురి. గాలి ఉత్తర వాయవ్యం నుంచి వీచినప్పుడే నాకు పిచ్చి అని అతను గిల్డెన్‌స్టెర్న్‌తోనే అంటాడు. పొలోనియస్ సైతం ఈ పిచ్చిలో ఒక పద్ధతి ఉందని గమనిస్తాడు.

ఇంత స్పష్టంగా గీత గీసిన షేక్స్‌పియర్ ఒకచోట దాన్ని కావాలనే చెరిపేశాడు. తల్లి గదిలో తెర వెనుక ఉన్న పొలోనియస్‌ను హామ్లెట్ చంపేశాక దెయ్యం మళ్లీ వస్తుంది. మొదటి అంకంలో కాపలా సైనికులకు, హొరేషియోకు కూడా కనబడిన దెయ్యం ఈసారి గెర్ట్రూడ్‌కు కనబడదు. కొడుకు గాలితో మాట్లాడుతున్నాడని ఆమె బెదిరిపోతుంది. హామ్లెట్ తన నాడి చూడమంటాడు, నీ నాడిలాగే నెమ్మదిగా కొట్టుకుంటోంది, నాది అసలు పిచ్చి కాదు, తెలిసి వేసిన వేషం అని అమ్మకు చెబుతాడు. తనకు మతి ఉందని అతను ఇంత తేటగా చెప్పిన క్షణంలోనే, పక్కన శవం పడి ఉండగా, ఎవరికీ కనబడని మనిషితో మాట్లాడుతున్నాడు. తల్లి స్థానంలో ఎవరున్నా ఏమనుకుంటారు? ఈ సందిగ్ధాన్ని పరీక్ష జవాబులో ‘కొంత, కొంత’ అని తేల్చేస్తే ఆ సీను బలమంతా పోతుంది.

ఒఫీలియా: ఎవరూ చూడని నాడి

ఒఫీలియాకు ఈ పనిముట్లేవీ దొరకలేదు. నాటకం మొత్తంలో ఆమెకు స్వగతం ఒక్కటే. అది కూడా తన గురించి కాదు, అంత గొప్ప మనసు ఇలా కూలిపోయిందే అని హామ్లెట్ కోసం ఏడ్చే ఏడుపు. అతని నటనను ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. అంతకుముందు ఆమె తండ్రికి చెప్పిన సంగతి కూడా అదే: చొక్కా గుండీలు పెట్టుకోకుండా, మేజోళ్లు జారిపోయి మురికిపట్టి, పాలిపోయిన మొహంతో హామ్లెట్ తన గదిలోకి వచ్చాడు, మణికట్టు పట్టుకుని చాలాసేపు మొహంలోకి చూశాడు, పెద్దగా నిట్టూర్చి, చూపు తిప్పకుండానే గుమ్మం దాటి వెళ్లిపోయాడు. పిచ్చి వేషం మొదటి ప్రదర్శనకు ప్రేక్షకురాలు ఆమే. భయపడిన ప్రేక్షకురాలు కూడా ఆమే.

తండ్రిని చంపింది తను ప్రేమించినవాడు. అన్న లేయర్టీస్ విదేశంలో ఉన్నాడు. తండ్రి శవాన్ని గుట్టుచప్పుడు కాకుండా పాతిపెట్టారు. నాలుగో అంకం ఐదో రంగంలో ఒఫీలియా వస్తుంది. 1603లో అచ్చయిన మొదటి ప్రతిలో ఇక్కడ ఒక రంగ సూచన ఉంది: చేతిలో వీణలాంటి ల్యూట్ వాయిద్యం, జుట్టు విరబోసుకుని, పాడుతూ ప్రవేశం. తర్వాతి ప్రతుల్లో ల్యూట్ లేదు. కానీ విరబోసిన జుట్టు ఆ కాలం వేదిక మీద మతి చెదిరిన స్త్రీకి గుర్తు, దాన్ని చూడగానే జనానికి అర్థమైపోయేది.

ఆమె పాడే పాటలు రెండు రకాలు. ఒకటి చనిపోయిన మనిషి గురించి, మరొకటి వాలెంటైన్ రోజు పొద్దున్నే ప్రియుడి కిటికీ దగ్గరకెళ్లి మోసపోయిన అమ్మాయి గురించి. తండ్రి మాట జవదాటని కూతురిగా పెరిగిన ఒఫీలియా మామూలు రోజుల్లో ఆ రెండో పాట నోట్లోకి కూడా రానిచ్చేది కాదు. తర్వాత పూలు పంచుతుంది. జ్ఞాపకానికి రోజ్‌మేరీ, ఆలోచనలకు పాన్సీ, ఇంకా ఫెన్నెల్, కొలంబైన్, రూ, డెయిజీ. వయొలెట్లు మాత్రం లేవంటుంది, అవి నాన్న పోయినప్పుడే వాడిపోయాయట. ఏ పువ్వు ఎవరి చేతిలో పెట్టిందో మూలంలో రాసిలేదు. రాజుకు ఇది, రాణికి అది అని సంపాదకులు ఊహించి రాసుకున్నారు. ప్రతి నటీ, ప్రతి దర్శకుడూ ఇక్కడ కొత్తగా తేల్చుకోవాల్సిందే.

ఈ సీనులో చుట్టూ ఉన్నవాళ్లను చూడాలి. ఆమెతో మాట్లాడనని గెర్ట్రూడ్ మొదటి మాటగా అంటుంది. వినేవాళ్ల మనసుల్లో ప్రమాదకరమైన ఊహలు పుట్టించవచ్చు కాబట్టి మాట్లాడటమే మంచిదని సలహా వచ్చాక గానీ లోపలికి రానివ్వదు. ఆమె బాధ కన్నా ఆమె మాటలు పుట్టించే పుకారు వాళ్లకు ముఖ్యం. ఒఫీలియా మొదటిసారి బయటికి వెళ్లినప్పుడు క్లాడియస్, దగ్గరుండి చూసుకోండి, కాపలా కాయండి అని చెబుతాడు. పూలు పంచి రెండోసారి వెళ్లిపోయినప్పుడు ఆ మాట కూడా ఎవరూ అనరు. క్లాడియస్ ఆ సమయంలో లేయర్టీస్‌ను తనవైపు తిప్పుకునే పనిలో ఉన్నాడు. కొద్దిసేపటికి వాగు పక్కన విల్లో చెట్టు కొమ్మ విరిగి నీళ్లలో పడిందని, బట్టలు తేలుతున్నంతసేపు పాత పాటలు పాడుతూనే ఉందని గెర్ట్రూడ్ వచ్చి చెబుతుంది. అంత వివరంగా చూసినవాళ్లెవరో, చూసి ఎందుకు బయటికి లాగలేదో నాటకం చెప్పదు.

నటించినవాడి కోసం ఇద్దరు గూఢచారులు, రెండు చాటుమాటు వినికిళ్లు, ఒక ఓడ ప్రయాణం ఏర్పాటయ్యాయి. నిజంగా మతి పోయిన అమ్మాయి కోసం ఒక్క ఆజ్ఞ, అదీ అమలు కాలేదు. ఈ నాటకంలోని రెండు పిచ్చులను పోల్చేటప్పుడు ముందు చూడాల్సింది ఈ తేడానే. రాజ్యానికి ముప్పు తెచ్చే పిచ్చి మీద రాజ్యం శ్రద్ధ పెట్టింది.

గుడిసెలో ముగ్గురు

1606 డిసెంబరు 26న రాజు మొదటి జేమ్స్ ఎదుట ప్రదర్శించిన కింగ్ లియర్‌లో షేక్స్‌పియర్ ఈ పోలికను మరింత దగ్గరికి తెచ్చాడు. తుపానులో, ఒకే గుడిసె దగ్గర మూడు రకాల ఉన్మాదాలను కలిపాడు. కూతుళ్లు గెంటేసిన లియర్‌ది నిజమైన పిచ్చి. తమ్ముడి కుట్రతో ప్రాణభయంలో తిరుగుతున్న ఎడ్గర్‌ది వేషం, ‘పూర్ టామ్’ అనే బిచ్చగాడి వేషం. రాజు విదూషకుడిది వృత్తి, వెర్రి మాటల ముసుగులో నిజం చెప్పడానికే అతనికి జీతం.

ఎడ్గర్ వేషానికి ఆమ్లెత్ వేషంలాగే పక్కా కారణం ఉంది: పట్టుకుంటే చంపేస్తారు. అయితే ఆ వేషానికి శరీరం ధర చెల్లించాలి. మొహానికి మురికి పూసుకుంటాడు, నడుముకు దుప్పటి ముక్క చుట్టుకుంటాడు, జుట్టు జడలు కట్టిస్తాడు. బెడ్లమ్ బిచ్చగాళ్లు మొద్దుబారిన చేతుల్లో సూదులు, మేకులు, రోజ్‌మేరీ పుల్లలు గుచ్చుకుని అడుక్కునేవాళ్లని చెబుతూ తానూ అలాగే మారతానంటాడు. బెడ్లమ్ అంటే లండన్‌లోని బెత్లెమ్ ఆస్పత్రి. 1247లో మఠంగా మొదలై, తర్వాత మతి చలించినవాళ్లను ఉంచే చోటుగా మారింది. అక్కడి నుంచి వచ్చామని చెప్పుకుని, పిచ్చి నటిస్తూ అడుక్కునేవాళ్లు ఆ రోజుల్లో ఉండేవారు. అంటే ఎడ్గర్ అనుకరిస్తున్న పిచ్చే చాలామంది విషయంలో అనుకరణ.

టామ్ అరుపుల్లో వినిపించే దయ్యాల పేర్లు, ఫ్లిబర్టిజిబెట్, స్మల్కిన్, మోడో, మాహు వంటివి, శామ్యూల్ హార్స్‌నెట్ 1603లో అచ్చేసిన పుస్తకంలోనివి. దయ్యం పట్టిందని నటించినవాళ్ల, దయ్యాలు వదిలిస్తామన్న పూజారుల బండారం బయటపెట్టడానికి రాసిన పుస్తకమది. నటించిన పిచ్చికి మాటలను నటించిన పూనకం మీది పుస్తకం నుంచి తీసుకోవడం షేక్స్‌పియర్ ఎంత ఆలోచించి పనిచేశాడో చూపిస్తుంది.

టామ్‌ను చూడగానే లియర్ అడిగే ప్రశ్న, నీ కూతుళ్లకు అంతా ఇచ్చేశావా అని. లోకంలో ఏ బాధకైనా తన బాధే కారణమని అతనికి అనిపిస్తోంది. కాసేపట్లో, బట్టలు లేని మనిషి అసలు రూపం ఇదేనా అంటూ తన బట్టలు చించుకోబోతాడు. వేషం వేసినవాణ్ని చూసి అసలు మనిషి వేషం తీసేయాలనుకున్నాడు.

1608 ప్రతిలో మాత్రమే ఉన్న ఉత్తుత్తి కోర్టు సీను ఈ కలయికకు శిఖరం. లియర్ ఇద్దరు కూతుళ్ల మీద విచారణ మొదలుపెట్టి, టామ్‌ను, విదూషకుణ్ని జడ్జిలుగా కూర్చోబెడతాడు. ముద్దాయి గోనెరిల్ స్థానంలో ఉన్నది ఒక స్టూలు. విదూషకుడు ఆ స్టూలుకు క్షమాపణ చెప్పి, మిమ్మల్ని స్టూలు అనుకున్నాను అంటాడు. ఇంతలో లియర్‌కు ట్రే, బ్లాంచ్, స్వీట్‌హార్ట్ అనే పెంపుడు కుక్కపిల్లలు కూడా తన మీద మొరుగుతున్నట్టు అనిపిస్తుంది. అక్కడ ఎడ్గర్ పక్కకు తిరిగి మనకు మాత్రమే చెబుతాడు: నా కన్నీళ్లు ఈయన పక్షం చేరి నా నటనను పాడుచేస్తున్నాయి. నిజమైన పిచ్చి ఎదురుపడితే నటించిన పిచ్చి నిలవదని ఇంత సూటిగా చెప్పిన మాట ఇంకో విషాద నాటకంలో దొరకదు. 1623లో వచ్చిన షేక్స్‌పియర్ నాటకాల సంకలనంలో ఈ సీను లేకపోవడం పెద్ద లోటు. అయినా చాలామంది దర్శకులు దాన్ని కలిపే ఆడిస్తారు.

లియర్ పిచ్చిలో మరో విచిత్రం ఉంది. మతి ఉన్నంతకాలం పొగడ్తలకు పడిపోయిన రాజు, మతి పోయాక గుడ్డివాడైన ఎడ్గర్ తండ్రి గ్లాస్టర్‌తో అధికారం గురించి, కోర్టుల గురించి ఎవరూ కాదనలేని నిజాలు చెబుతాడు. అధికారి కుర్చీలో కుక్క ఉన్నా జనం లోబడతారు అంటాడు. పిచ్చిలో వివేకం అని ఎడ్గర్ అక్కడే ఆశ్చర్యపోతాడు. హామ్లెట్ పిచ్చిలో పద్ధతి దాచిపెట్టింది, లియర్ పిచ్చిలో వివేకం దాచకుండా ఒలికిపోయింది.

తేరుకోవడం: అగావే, లియర్

గ్రీకు విషాద నాటకాల్లో ఉన్మాదం దేవుళ్లు పంపితే బయటి నుంచి వస్తుంది. సోఫొక్లిస్ రాసిన అజాక్స్‌లో ఎథీనా దేవత వీరుడు అజాక్స్ చూపును మార్చేయడంతో పశువులను శత్రువులనుకుని నరికేస్తాడు. యూరిపిడీస్ హెరాక్లీస్‌లో ఉన్మాద దేవత లిస్సా స్వయంగా వేదిక మీదకు వచ్చి, ఈ పని నాకు ఇష్టం లేదంటూనే హీరా దేవత ఆజ్ఞ మేరకు హెరాక్లీస్‌లో దూరుతుంది. అతను భార్యాబిడ్డలను చంపేస్తాడు. ఇలాంటి చోట నటనకు తావు లేదు. దెబ్బ తగిలేది తెలివి తిరిగి వచ్చినప్పుడు.

యూరిపిడీస్ చివరి నాటకాల్లో ఒకటైన బాకె, ఆయన చనిపోయాక క్రీ.పూ. 405లో ప్రదర్శనకు వచ్చింది. డయొనైసస్ దేవుడి పూనకంలో ఉన్న అగావే తన కొడుకు పెంథియస్ తలను సింహం తల అనుకుని పట్టుకొస్తుంది. తండ్రి కాడ్మస్ ఆమెను కేకలేయడు. ముందు ఆకాశం వైపు చూడమంటాడు. అంతకుముందులాగే ఉందా, మారినట్టుందా అని అడుగుతాడు. ఇంకా తేటగా ఉందంటుంది. ఎవరింటికి కోడలిగా వెళ్లావు, నీ కొడుకు పేరేంటి అని ఒక్కొక్కటే అడుగుతాడు. ఆఖరికి నీ చేతుల్లో ఉన్నది ఎవరి తల అని అడుగుతాడు. ఆమె అప్పుడు చూస్తుంది. రెండున్నర వేల ఏళ్ల కిందటి నాటకకర్త, మతి తప్పిన మనిషిని తెలిసిన చిన్న చిన్న విషయాల మెట్ల మీదుగా వాస్తవంలోకి దింపడం ఇంత ఓపికగా రాశాడు. లియర్ కూడా అలాగే తేరుకుంటాడు. సూది గుచ్చుకుని నొప్పి తెలుస్తుందా అని చూసుకుంటాడు, చిన్న కూతురు కార్డీలియా చెంప తాకి నీ కన్నీళ్లు తడిగా ఉన్నాయా అని అడుగుతాడు. నా మతి పూర్తిగా సరిగ్గా లేదేమోనని భయంగా ఉందంటాడు. నటించేవాళ్లెవరూ అనని మాట ఇది.

నాట్యశాస్త్రం, యుగంధరుడు

మన నాటక సంప్రదాయంలో ఉన్మాదం భరతుడు చెప్పిన 33 వ్యభిచారి భావాల్లో (అంటే వచ్చిపోయే భావాల్లో) ఒకటి. ఆప్తుల మరణం, ధననాశం, గాయం, వాత పిత్త కఫాల ప్రకోపం దానికి కారణాలు. కారణం లేకుండా నవ్వడం, ఏడవడం, పాడటం, పరుగెత్తడం, ఒంటికి బూడిద, దుమ్ము పూసుకోవడం, గడ్డి, వాడిన పూలు, చింకి గుడ్డలు, కుండ పెంకులు అలంకారంగా ధరించడం లక్షణాలు. కార్డీలియా వర్ణనలో లియర్ తలమీద ఉన్నవి దురదగొండి, పిచ్చి మొక్కలు, పంట చేలల్లో మొలిచే కలుపు. ఒఫీలియా చేతిలో నెటిల్స్, డెయిజీలు. రెండు సంప్రదాయాలకూ సంబంధం లేదు. పనికిరాని మొక్కలను నగల్లా పెట్టుకున్న మనిషి వేదిక మీద కనబడితే ఏ ఊరి ప్రేక్షకుడికైనా అర్థమవుతుందనే నటనాజ్ఞానం రెండు చోట్లా ఉంది.

పిచ్చి వేషం విషయంలో మాత్రం మన నాటకాలు ఆమ్లెత్ దారిలో నడిచాయి. భాసుడి ప్రతిజ్ఞాయౌగంధరాయణంలో వత్సరాజు ఉదయనుణ్ని చెర విడిపించడానికి మంత్రి యౌగంధరాయణుడు ఉజ్జయినిలో ఉన్మత్తుడిలా తిరుగుతాడు. తెలుగులో వేదం వేంకటరాయశాస్త్రి 1897 నాటి ప్రతాపరుద్రీయంలో మంత్రి యుగంధరుడు ఢిల్లీ వీధుల్లో పిచ్చివాడిలా తిరుగుతూ, ఢిల్లీ సుల్తానును పట్టుకుపోతానని బాహాటంగా అరుస్తాడు. జనం నవ్వుతారు. అతను చెప్పినట్టే చేస్తాడు. పొయ్యి దగ్గర కూర్చుని పగ తీర్చుకునే ఈటెలు చెక్కుతున్నానన్న ఆమ్లెత్ ఇక్కడ గుర్తుకు రాక మానడు. రెండు చోట్లా నిజం బయటికే చెప్పారు, ఎవరూ నమ్మలేదు. యుగంధరుడి వేషానికి పక్కన ఒఫీలియా లాంటి మనిషి లేదు, వేషం వల్ల నలిగినవాళ్లు లేరు. అందుకే అది విజయ గాథ అయింది. వేషం ఖరీదు ఇంకొకరు కట్టవలసి వచ్చినప్పుడే అది విషాదంలోకి దిగుతుంది.

జనం ఎందుకు ఎగబడ్డారు

పిచ్చి సీన్లకు అప్పటి లండన్‌లో గిరాకీ బాగా ఉండేది. థామస్ కిడ్ 1580లలో రాసిన స్పానిష్ ట్రాజెడీలో కొడుకు హత్యకు గురైన హియరొనిమో ఒకవైపు నిజంగా కుంగిపోతూ మరోవైపు పగ కోసం ఎత్తులు వేస్తుంటాడు. ఆ నాటకాన్ని 1602లో మళ్లీ అచ్చేసినప్పుడు హియరొనిమో ఉన్మాదాన్ని పెంచే కొత్త భాగాలు చేర్చారు. 1615 ప్రతి ముఖపత్రం మీద ‘హియరొనిమోకు మళ్లీ పిచ్చి’ అని ఉపశీర్షికే పెట్టారు. వెబ్‌స్టర్ రాసిన డచెస్ ఆఫ్ మాల్ఫీలో కవల సోదరుడు పంపిన పిచ్చివాళ్ల గుంపు డచెస్ ఎదుట ఆడిపాడుతుంది. ఆమెకు మతి పోవాలనే పంపాడు. ఆమె నిబ్బరంగా నిలబడుతుంది, చివరికి తోడేలునని భ్రమపడి మతి పోగొట్టుకున్నది ఆ సోదరుడే.

ప్రభావాలు, అనుమానాలు

ఈ నాటకాలు వేదిక దగ్గరే ఆగలేదు. 19వ శతాబ్దంలో మానసిక వైద్యులే షేక్స్‌పియర్ పాత్రలకు రోగ నిర్ధారణ చేయడం మొదలుపెట్టారు. బక్‌నిల్ 1859లో, కొనొలీ 1863లో ఈ విషయం మీద పుస్తకాలు రాశారు. పాత్రలను రోగుల్లా చూడటం వల్ల నటనలో లోతు పెరిగింది. అదే సమయంలో అసలు రోగులను పాత్రల్లా చూసే అలవాటూ బలపడే ప్రమాదం ఉంది. బెడ్లమ్ ఒక ఆస్పత్రి పేరు నుంచి గందరగోళానికి పర్యాయపదమైంది. హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ అనే ప్రాంతం పేరు మామూలు మాటల్లో వెక్కిరింతగా మారడానికీ అలాంటి దారే ఉంది. ఆస్పత్రికి వెళ్లడానికి కుటుంబాలు వెనకాడటంలో ఈ వెక్కిరింతకు పాత్ర లేదనలేం. అంతకన్నా చేటు చేసేది ‘యాక్టింగ్ చేస్తున్నాడు’ అనే అనుమానం. పనికి వెళ్లలేనంత కుంగుబాటులో ఉన్న మనిషికి ఇంట్లోనే ఈ మాట వినబడితే, క్లాడియస్ చూపే మన ఇంట్లోకి వచ్చినట్టు.

చట్టానికి ఈ ప్రశ్న తప్పదు. నేరం చేసే సమయంలో మతిస్థిమితం లేక తన పని స్వభావం తెలియని మనిషికి నేరబాధ్యత ఉండదని 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 84వ సెక్షన్ చెప్పింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ అదే చెబుతోంది. కాబట్టి నిజమా నటనా అని కోర్టు తేల్చాలి. నాటకానికి ఆ బలవంతం లేదు.

హామ్లెట్ కోరిన క్షమాపణ

ఐదో అంకంలో కత్తి పోటీకి ముందు హామ్లెట్ లేయర్టీస్‌ను క్షమించమంటాడు. నీకు అన్యాయం చేసింది హామ్లెట్ కాదు, అతని పిచ్చి, ఆ పిచ్చి హామ్లెట్‌కూ శత్రువే అంటాడు. తల్లి గదిలో నాది వేషమని నాడి పట్టి చూపించినవాడే ఇప్పుడు పిచ్చి మీద నెపం పెడుతున్నాడు. మంచివాడు ఇలాంటి అబద్ధం చాటున దాక్కోకుండా ఉండాల్సిందని జాన్సన్ బాధపడ్డాడు. వేషం ఎక్కడ ఆగి అసలు మనసు ఎక్కడ చెదిరిందో హామ్లెట్‌కే తెలియకుండా పోయిందని సమర్థించేవాళ్లున్నారు, తల్లి గదిలోని దెయ్యం సీను వాళ్లకు సాక్ష్యం. సీను నిర్మాణం చూస్తే జాన్సన్ వైపే బలం ఎక్కువ. క్షమించమన్న వెంటనే హామ్లెట్ సభ మొత్తాన్ని సాక్షిగా పిలుస్తాడు, తన మతి చెడిందని అందరూ విన్నారు కదా అని గుర్తుచేస్తాడు. అంటే ఇన్నాళ్లూ తను పెంచిన పుకారునే ఆధారంగా చూపిస్తున్నాడు.

ఆ క్షమాపణలో ఒఫీలియా పేరు లేదు. అంతకుముందు సమాధి దగ్గర నలభై వేలమంది అన్నల ప్రేమ కన్నా తన ప్రేమ ఎక్కువని లేయర్టీస్ మీద అరిచాడు గానీ, ఆమె మతి పోవడంలో తన వంతు గురించి అక్కడా ఒక్క మాట అనలేదు. పూజారి ఆమె చావు అనుమానాస్పదమని పూర్తి అంత్యక్రియలు నిరాకరించాడు. హామ్లెట్‌కు మాత్రం నాటకం చివర నార్వే రాకుమారుడు ఫోర్టిన్‌బ్రాస్ సైనిక లాంఛనాలు జరిపిస్తాడు.